బోరు నీళ్ల గార: ఏ నీళ్లు ఎక్కడ వాడాలి, పట్టిన గారను ఎలా వదిలించాలి

కృష్ణ పక్కనే పారుతున్నా విజయవాడ శివార్లలో చాలా అపార్ట్‌మెంట్ల కుళాయిల్లో వచ్చేది కృష్ణా నీళ్లు కాదు, బోరు నీళ్లే. కానూరు, పోరంకి, గొల్లపూడి వైపు చూసినా, గుంటూరులో గోరంట్ల, నల్లపాడు వైపు చూసినా ఇళ్లల్లో వినపడే బాధలు ఒకటే. స్టీలు కుళాయిల మీద తెల్లటి మచ్చలు, చేత్తో తడిమితే గరుగ్గా తగిలే బకెట్లు, వేడెక్కడానికి గంట తీసుకునే గీజర్, ఎన్ని విజిళ్లు వచ్చినా పలుకు పలుకుగానే ఉండే కందిపప్పు.

వీటన్నిటికీ కారణం నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు. దాన్నే నీటి కఠినత్వం అంటాం. ఆ లవణాలు తెల్లగా గట్టిపడి అంటుకుపోతే అదే గార. అది ఇబ్బంది పెట్టేది ప్రధానంగా నాలుగు చోట్లే: నీళ్లు కాగే చోట, నీళ్లు ఆరిపోయే చోట, సబ్బు తగిలే చోట, పప్పు ఉడికే చోట. ఫ్లష్‌కి, గచ్చు కడగడానికి, మెట్ల మీద చల్లడానికి ఎంత కఠినమైన నీళ్లయినా చాలు. అందుకే వచ్చే ప్రతి చుక్కనీ మార్చాలని డబ్బు తగలేయనక్కర్లేదు. ఉన్న కాస్త మంచి నీటిని ఆ నాలుగు చోట్లకి చేర్చండి. అది కుదరని చోటే మందూ మాకూ.

1. ముందు ఏ కుళాయిలో ఏ నీళ్లో తేల్చుకోండి

వాచ్‌మన్‌తో మొదలుపెట్టండి. "పొద్దున మున్సిపల్ నీళ్లు వదులుతానండీ, అవి అయిపోగానే బోరు ఆన్ చేస్తా" అన్నాడంటే మీ ఇంట్లో ఏడింటికి వచ్చే నీళ్లు వేరు, పదకొండింటికి వచ్చేవి వేరు. రెండూ ఒకే సంపులో పడుతున్నాయా, వేర్వేరు సంపులున్నాయా, టెర్రస్ మీద ట్యాంకులు ఎన్ని, ఏ ట్యాంకు పైపు ఎక్కడికి దిగుతోంది, ఒకసారి పైకెక్కి కళ్లారా చూడండి. చాలా బిల్డింగుల్లో వంటగదికి మున్సిపల్ లైను ఒకటి విడిగా ఉంటుంది. బాత్రూముల్లోకి మాత్రం బోరే వస్తుంది. ఈ సంగతి తెలియకుండా గీజర్ కంపెనీ మీద కోపగించుకునేవాళ్లు ఎందరో.

పైపు చూసినా అర్థం కాకపోతే సీసా పరీక్ష చేయండి. రెండు పారదర్శకమైన ఖాళీ సీసాలు తీసుకోండి. ఒకదాంట్లో సగం దాకా కుళాయి నీళ్లు, రెండోదాంట్లో అంతే మోతాదులో బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ పోయండి. ఒంటి సబ్బును కాస్త తురిమి గోరువెచ్చటి డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి, ఆ ద్రావణం రెండింటిలోనూ సమానంగా నాలుగైదు చుక్కలు వేసి గట్టిగా ఊపండి. మంచి నీళ్ల సీసాలో నురగ దట్టంగా నిలుస్తుంది. కుళాయిలో వచ్చేది బోరు నీళ్లయితే ఆ సీసాలో నురగ వెంటనే చచ్చిపోయి, పైన తెల్లటి తరకలు తేలతాయి. బట్టల పౌడరుతో గానీ షాంపూతో గానీ ఈ పరీక్ష చేయకండి. అవి కఠిన జలంలోనూ నురగనిస్తాయి కాబట్టి తేడా తెలియదు.

2. కఠినత్వం ఎంతో అంకె తెచ్చుకోండి

దీనికి చుక్కల కిట్ ఉంటుంది. ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది, చేపల తొట్లు అమ్మే షాపుల్లోనూ అడిగి చూడండి. కొలిచిన నీళ్లలో రంగు కలిపితే అవి గులాబీ ఎరుపులోకి మారతాయి. తర్వాత రెండో సీసాలోని ద్రావణాన్ని ఒక్కో చుక్కా వేస్తూ కలపాలి. ఎరుపు ఊదాగా మారి, చివరికి ఒక్క చుక్కతో శుభ్రమైన నీలం అవుతుంది. అక్కడ ఆపి, ఎన్ని చుక్కలు పట్టాయో డబ్బా మీద రాసిన లెక్కతో గుణిస్తే కఠినత్వం వస్తుంది. ఊదా రంగు దగ్గరే ఆపేయకండి. లెక్క తక్కువ వస్తుంది.

తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మొత్తం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీటి వనరు లేనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. ఇంటి పనుల లెక్కన చూస్తే 180 దాటితేనే బాగా కఠినమైన నీళ్ల కింద లెక్క. 150 లోపు ఉంటే మీకు పెద్ద ఇబ్బందేమీ ఉండదు.

చాలామంది టీడీఎస్ మీటరు ముంచి చూసి ఒక నిర్ణయానికి వచ్చేస్తారు. ఆ మీటరు కరిగిన లవణాలన్నిటినీ కలిపి అంచనా వేస్తుందే తప్ప అందులో కాల్షియం, మెగ్నీషియం ఎంతో విడిగా చెప్పలేదు. సాఫ్ట్‌నర్ (నీటి కఠినత్వం తగ్గించే మిషన్) పెట్టాక కూడా టీడీఎస్ పెద్దగా తగ్గదు, ఎందుకంటే అది కాల్షియం తీసుకుని బదులుగా సోడియం ఇస్తుంది. "టీడీఎస్ తగ్గలేదు, మిషన్ పనిచేయట్లేదు" అని అసోసియేషన్ మీటింగుల్లో గొడవలు అయ్యేది ఇక్కడే. సాఫ్ట్‌నర్‌ను కొలవాల్సింది చుక్కల కిట్‌తోనే.

పరీక్ష ఏడాదికి రెండుసార్లు చేయండి: మే నెలలో ఒకసారి, వానాకాలం చివర ఒకసారి. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ నిండుగా పారే రోజుల్లో వాటి దగ్గరి తక్కువ లోతు బోర్లలో నీళ్లు కాస్త మెరుగవుతాయి. కాలువలు కట్టేసిన ఎండాకాలంలో మళ్లీ గట్టిపడతాయి. బోరు ఇంకా లోతుకు దింపితే మంచి నీళ్లు పడతాయని గ్యారంటీ ఏమీ లేదు. డెల్టా వైపు చాలాచోట్ల లోతుకు పోయిన కొద్దీ తగిలేది ఉప్పు నీళ్లే.

ఆ బోరు నీళ్లే తాగుతున్నట్టయితే మాత్రం ఇంటి కిట్‌తో సరిపెట్టుకోకండి. ల్యాబ్‌లో ఫ్లోరైడ్, నైట్రేట్ తప్పకుండా చూపించండి. పల్లెల్లో ఉండేవారు గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌ను అడగవచ్చు. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, గత్యంతరం లేకపోతే 1.5 వరకు. నైట్రేట్ 45 దాటకూడదు, దానికి సడలింపే లేదు. ఇవి తెల్లటి గారగా కనపడవు, రుచికీ తెలియవు. పల్నాడు వైపు బోర్లున్న వాళ్లకు ఈ మాట మరీ మరీ చెప్పాలి.

కఠినత్వం విషయంలో మాత్రం అంత టెన్షన్ అక్కర్లేదు. కఠిన జలం తాగడం వల్ల ఆరోగ్యం చెడుతుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. కిడ్నీలో రాళ్లకు బోరు నీళ్లే కారణమని మన దగ్గర గట్టిగా నమ్ముతారు గానీ, బెజవాడ ఎండల్లో చాలినన్ని నీళ్లు తాగకపోవడం అంతకంటే పెద్ద కారణం. ఇదివరకే రాళ్లు వచ్చినవాళ్లు డాక్టరు చెప్పినట్టు నడుచుకోండి.

3. మంచి నీటిని వేడి వైపు మళ్లించండి

మున్సిపల్ లైను ఇంటిదాకా వస్తుంటే, మొదట చేయించాల్సిన పని గీజర్‌కు ఆ లైను ఇప్పించడం. ప్లంబర్‌కు కొద్ది గంటల పని, రెండు మూడు మీటర్ల పైపు. కఠినత్వం 500 ఉన్న బోరు నీళ్లు రోజుకు 80 లీటర్లు గీజర్ గుండా పోతే, వాటితో పాటు 40 గ్రాముల లవణాలు పోతాయి. నెలకు కిలోకి పైనే. అందులో కొంత భాగమే కాయిల్‌కి అంటుకున్నా చాలు, దాని మీద సున్నపు పెచ్చు కడుతుంది. వేడి ఆ పెచ్చును దాటి నీళ్లలోకి పోలేక కాయిల్ లోపలే మాడిపోతుంది.

లైను మార్చడం కుదరకపోతే థర్మోస్టాట్ తగ్గించండి. 60 డిగ్రీలు దాటిన కొద్దీ గార వేగంగా పడుతుంది. 55 దగ్గర పెట్టుకున్నా స్నానానికి ధారాళంగా సరిపోతుంది. టెర్రస్ మీద సోలార్ హీటర్ పెట్టించుకోబోతున్నవాళ్లు గాజు గొట్టాల రకం అడగండి. సన్నటి రాగి గొట్టాలుండే ఫ్లాట్ ప్లేట్ రకం బోరు నీళ్లకు తొందరగా పూడుకుపోతుంది.

సంపులో రెండు నీళ్లూ కలిసిపోతున్న చోట ఇంకో నష్టం ఉంది. ఇళ్ల నీటి ప్రమాణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు, అందులో ఫ్లష్‌కే 45 లీటర్లు లెక్కగడతారు. ప్రకాశం బ్యారేజీ దగ్గర్నుంచి తోడి, శుద్ధి చేసి పంపిన నీళ్లలో అంత భాగం నేరుగా కమోడ్‌లో పోతోందన్నమాట. ఫ్లష్ లైనుకు బోరు ట్యాంకు, మిగతా లైన్లకు మున్సిపల్ ట్యాంకు అని విడదీయగలిగితే ఆ అపార్ట్‌మెంట్ సమస్య సగం తీరినట్టే.

4. ఇప్పటికే పట్టిన గారను వదిలించండి

దీనికి కావలసింది నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్). కిరాణా షాపులో అడిగితే ఇస్తారు. లీటరు వేడి నీళ్లకు మూడు పెద్ద చెంచాలు కలిపితే ఇంట్లో గారకంతా అదే మందు. వంటకు వాడే వెనిగర్ కూడా పనికొస్తుంది గానీ వాసన, ఖర్చు రెండూ ఎక్కువ.

కుళాయి మూతికి జల్లెడ లాంటి చిన్న బిళ్ల ఉంటుంది. ధార సన్నబడిందంటే ముందు దాన్నే అనుమానించండి. గుడ్డ చుట్టి చేత్తో తిప్పితే ఊడివస్తుంది. గ్లాసులో నిమ్మ ఉప్పు నీళ్లు పోసి అందులో వేస్తే బుసబుసమని బుడగలు లేస్తాయి. సున్నం కరుగుతోందని గుర్తు. బుడగలు ఆగాక పాత టూత్ బ్రష్‌తో రుద్ది, మళ్లీ బిగించండి. ఊడిరాని షవర్ అయితే ప్లాస్టిక్ కవరులో ద్రావణం పోసి, షవర్ తల మునిగేలా రబ్బరు బ్యాండుతో కట్టి గంటసేపు వదిలేయండి. క్రోమ్ పూత ఉన్నవాటిని రాత్రంతా నానబెట్టకండి, మెరుపు పోతుంది. మార్బుల్ గట్టు మీద ఈ నీళ్లు చింది ఉంటే వెంటనే తుడిచేయండి, మార్బుల్ కూడా సున్నపు రాయే.

బకెట్లో పెట్టే హీటర్ రాడ్ విషయంలో జాగ్రత్త. ప్లగ్ తీసి, పూర్తిగా చల్లారాక, రాడ్ మీది గీత దాటకుండా కాయిల్ వరకే ద్రావణంలో ముంచండి. పెచ్చు మెత్తబడి రాలిపోతుంది. చాకుతో, స్క్రూ డ్రైవర్‌తో గీకడం చాలా ఇళ్లల్లో చూస్తుంటాం. దయచేసి ఆ పని చేయకండి. పై తొడుగుకు సన్నటి బీట పడినా నీళ్లలోకి కరెంటు వస్తుంది. గీజర్ కాయిల్ తీయడం మాత్రం ఎలక్ట్రీషియన్ పని. మీరు అడగాల్సినవి రెండు: లోపలి యానోడ్ రాడ్ ఎంత మిగిలిందో చూపించమనండి, రబ్బరు గాస్కెట్ కొత్తది వేయమనండి. యానోడ్ రాడ్ తాను అరిగిపోతూ ట్యాంకును తుప్పు పట్టకుండా కాపాడుతుంది. అది అయిపోయిందని తెలియక ట్యాంకే చిల్లు పడ్డ ఇళ్లు చాలా ఉన్నాయి.

బాత్రూం టైల్స్‌కి యాసిడ్ సీసాలు కొనకండి. గారతో పాటు టైల్స్ మధ్య సిమెంటునూ తినేస్తుంది. ఆ పొగ పీల్చేది ఎక్కువగా మన ఇంట్లో పనిచేసే ఆవిడ. ఏ యాసిడ్‌నైనా, నిమ్మ ఉప్పునైనా సరే, బ్లీచింగ్ పౌడరుతో గానీ బ్లీచ్ ద్రావణంతో గానీ కలపకూడదు. క్లోరిన్ వాయువు వెలువడుతుంది. తలుపులు మూసిన బాత్రూంలో అది ప్రాణం మీదకు తెస్తుంది. ఇంట్లో పని చేసేవాళ్లకు ఈ ఒక్క ముక్కా విడమర్చి చెప్పండి.

ఎండాకాలంలో కూలర్ సంగతి మరిచిపోకండి. గాలికి ఎగిరిపోయేది నీరే, లవణాలు తొట్టిలోనే మిగిలిపోయి రోజురోజుకూ చిక్కబడతాయి. రోజూ పైన నీళ్లు నింపడమే కాకుండా, రెండు మూడు రోజులకోసారి తొట్టి మొత్తం ఖాళీ చేసి కొత్త నీళ్లు పోస్తే ప్యాడ్లు రాయిలా బిగుసుకుపోవు. ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేదీ పోయకండి.

5. బట్టలు, స్నానం

బట్టల సబ్బు బిళ్లతో కఠిన జలంలో పోరాడటం దండగ. సబ్బులో సగం కాల్షియంతో కలిసి జిగట తరకలుగా మారి బట్టలకే అంటుకుంటుంది. తెల్ల చొక్కాలు మబ్బు రంగులోకి తిరగడం, తువ్వాళ్లు అట్టల్లా బిరుసెక్కడం అందుకే. డిటర్జెంట్ పౌడరుకు మారండి. బకెట్ నీళ్లలో ముందు ఒకటి రెండు చెంచాల చాకలి సోడా కలిపి పది నిమిషాలు ఆగి, నీళ్లు తెల్లబారాక పౌడరు వేయండి. కాల్షియాన్ని సోడా ముందే పట్టేస్తుంది కాబట్టి పౌడరు తక్కువ పడుతుంది. చేతులకు గ్లోవ్స్ ఉండాలి. పట్టు, ఉన్ని బట్టలకు సోడా తగలనివ్వకండి. వాషింగ్ మెషిన్ ఉంటే నెలకోసారి బట్టలు లేకుండా డీస్కేలింగ్ పౌడరుతో వేడి నీళ్ల సైకిల్ తిప్పండి. ఏ పౌడరు, ఎంత అన్నది మెషిన్‌తో వచ్చిన పుస్తకంలో రాసినట్టే.

స్నానానికి ఒక మగ్గు కిటుకు ఉంది. ఒళ్లంతా బోరు నీళ్లతో కడుక్కున్నా, చివర్లో ఒకటి రెండు చెంబులు మున్సిపల్ నీళ్లు పోసుకుంటే చర్మం మీద, జుట్టులో మిగిలిపోయే జిగట చాలావరకు పోతుంది. తలకు కుంకుడుకాయ రసం ఇప్పటికీ మంచి దారి. దాని నురగనిచ్చే గుణం సబ్బులాంటిది కాదు, కాల్షియంతో కలిసి తరకలు కట్టదు.

షవర్‌కి తగిలించే చిన్న ఫిల్టర్లు "హార్డ్ వాటర్‌ను సాఫ్ట్ చేస్తాయి" అని అమ్ముతున్నారు. లెక్క వేసి చూడండి. కఠినత్వం 500 ఉన్నప్పుడు ఒక బకెట్ స్నానంలో, అంటే 20 లీటర్లలో, 10 గ్రాముల లవణాలుంటాయి. సాఫ్ట్‌నర్‌లో వాడే మంచి రెజిన్ (కాల్షియాన్ని పట్టుకునే సన్నటి పూసలు) లీటరుకు పట్టేది సుమారు 50 గ్రాములు. గుప్పెడంత గొట్టంలో పావు లీటరు రెజిన్ పట్టిందనుకున్నా, ఒక మనిషి స్నానానికే అది నిండిపోతుంది. క్లోరిన్ వాసన తగ్గించే ఫిల్టర్లు కొన్ని ఉన్నాయి, కఠినత్వానికీ వాటికీ సంబంధం లేదు. పైపుకు తొడిగే అయస్కాంతాలదీ అదే కథ. పెట్టక ముందు, పెట్టాక చుక్కల కిట్‌తో చూడండి, అంకె మారదు.

6. వంటగది

కందిపప్పులోని పెక్టిన్‌ను, అంటే బద్దను విడిపోకుండా పట్టి ఉంచే పదార్థాన్ని, కాల్షియం గట్టిపరుస్తుంది. అందుకే నానబెట్టే నీళ్లు, ఉడికించే నీళ్లు రెండూ మంచివే కావాలి. నానబెట్టడం బోరు నీళ్లలో చేసి, క్యాన్ నీళ్లతో ఉడికిస్తే సగం ఫలితమే. మంచి నీళ్లు లేని రోజున బోరు నీళ్లను పది నిమిషాలు బాగా మరిగించి చల్లార్చండి. అడుగున తెల్లటి పొడి దిగుతుంది. పైన తేరుకున్న నీళ్లు వంచుకుని వాడండి. మరిగితే పోయేది బైకార్బనేట్ల వల్ల వచ్చే కఠినత్వమే, సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చింది అలాగే ఉంటుంది. అయినా పప్పుకు తేడా తెలుస్తుంది. చింతపండు, టమాటా పప్పు మెత్తబడ్డాకే వేయండి, పులుపు కూడా ఉడకనివ్వదు. వంట సోడా చిటికెడు వేస్తే ఉడుకుతుంది గానీ రుచి మారుతుంది, బి1 విటమిన్ పోతుంది.

ఇడ్లీ పాత్ర అడుగున నీళ్లలో పిండేసిన నిమ్మచెక్క గానీ చిన్న చింతపండు ముక్క గానీ వేసే అలవాటు మన ఇళ్లల్లో పాతదే, సరైనదే. తెల్ల పొర పట్టదు.

పటిక తిప్పితే, చిల్లగింజ అరగదీసి కలిపితే బురద నీళ్లు తేరుకుంటాయి. కఠినత్వం మాత్రం తగ్గదు.

తాగే నీళ్లకు ఆర్వో కొనేముందు ఒక సంగతి. రెండు గ్లాసుల్లో ఇనుప కడ్డీలు పెట్టి కరెంటు ఇచ్చి, మీ నీళ్లు గోధుమ రంగు బురదగా మారడం చూపించేవాళ్లు ఇంటికొస్తారు. పిల్లలున్న తల్లులు అది చూసి భయపడిపోతారు. ఆ బురద మీ నీళ్లలోది కాదు, ఆ కడ్డీల ఇనుమే కరిగి తుప్పుగా తేలింది. ఆర్వో నీళ్లలో లవణాలు తక్కువ కాబట్టి కరెంటు సరిగా పారక అవి తేటగా ఉంటాయి, అంతే. తక్కెళ్లపాడులో శుద్ధి చేసిన నీళ్లు గుంటూరు కుళాయిలో వస్తున్న ఇంటికి కఠినత్వం కోసం ఆర్వో అక్కర్లేదు. బోరే గతి అయిన చోట పెట్టుకోండి. అది బయటికి వదిలే నీళ్లు మొక్కలకు పోయకండి. ఇల్లు తుడవడానికి, ఫ్లష్‌కి వాడండి. మొక్కలకు ఏసీ పైపు నుంచి కారే నీళ్లు మంచివి.

7. బిల్డింగ్ మొత్తానికి సాఫ్ట్‌నర్ అనుకుంటే

మీటింగుకు ముందే లెక్క రాసుకెళ్లండి. 20 ఫ్లాట్లు, ఇంటికి నలుగురు, మనిషికి 135 లీటర్లు అనుకుంటే రోజుకు 10,800 లీటర్లు. కఠినత్వం 600 అయితే రోజుకు దాదాపు 6.5 కిలోల లవణాలు పట్టాలి. 130 లీటర్ల రెజిన్ పెట్టినా, నిండిన రెజిన్ మళ్లీ పనిచేయాలంటే రోజూ ఉప్పు నీళ్లతో కడగాల్సిందే. లీటరు రెజిన్‌కు 150 గ్రాముల లెక్కన రోజుకు 20 కిలోల ఉప్పు.

ఫ్లష్ లైను విడదీస్తే రోజుకు 7,200 లీటర్లే, ఉప్పు 13 కిలోలు. ఇంకో మెట్టు ఉంది. నీళ్లను సున్నా కఠినత్వానికి దించనక్కర్లేదు. మూడు వంతులు సాఫ్ట్‌నర్ గుండా పంపి, ఒక వంతు బైపాస్‌లో కలిపితే 150 దగ్గర నిలబడుతుంది. ఉప్పు 10 కిలోలకు, అంటే మొదటి లెక్కలో సగానికి దిగుతుంది. మిషన్ అమ్మేవాళ్లు ఈ బైపాస్ మాట తమంతట తాము ఎత్తకపోవచ్చు, మీరే అడగండి. చౌకని మట్టి కల్లుప్పు వేస్తే రెజిన్ పాడవుతుంది, శుభ్రమైన ఉప్పే వాడమనండి. వారానికోసారి ఎవరో ఒకరు చుక్కల కిట్‌తో చూసి, అంకె మోటార్ గది గోడ మీద రాయాలి. సాఫ్ట్‌నర్ నీళ్లలో సోడియం పెరుగుతుంది కాబట్టి తాగడానికీ వంటకీ వేరే కుళాయి ఉంచండి. బీపీ ఉన్నవాళ్లకు ఇది ముఖ్యం.

సాఫ్ట్‌నర్‌కు ముందు టెర్రస్ వైపు కూడా చూడండి. విజయవాడలో ఏడాదికి సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన పడుతుంది. 300 చదరపు మీటర్ల టెర్రస్ మీద పది మిల్లీమీటర్లు కురిస్తే 3,000 లీటర్లు, వృథా తీసేసినా 2,400 దాకా కఠినత్వం లేని నీళ్లు. మొదటి జల్లు బయటికి వదిలేసి, జల్లెడ గుండా తర్వాతి నీళ్లను బట్టలు ఉతకడానికి వాడే ట్యాంకుకు కలపండి. నిండాక పొర్లే నీళ్లు ఇంకుడు గుంతకు పోవాలి.

ఆ గుంతలోకి సాఫ్ట్‌నర్ కడిగిన ఉప్పు నీళ్లు మాత్రం పోకూడదు. రెజిన్ నుంచి వదిలిన కాల్షియం అంతా అందులోనే ఉంటుంది. గుంతలో ఇంకితే మళ్లీ మీ బోరులోకే, పక్కింటివాళ్ల బోరులోకే చేరుతుంది. మిషన్ బిగించే రోజున దగ్గరుండి, ఆ గొట్టం డ్రైనేజీలోకి పెట్టించండి.